పాత కారుకి పొద్దున్నే అయిదు నిమిషాలు

తోపుడు బండి దగ్గర పావుకిలో వంకాయలు కొనాలంటే ఒక్కొక్కటీ తిప్పి తిప్పి పుచ్చు చూస్తాం. అదే యాభై అరవై వేలు పోసి పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు చూస్తాం, సీటు కవర్లు చూస్తాం, పాటల డబ్బా మోగుతోందా లేదా చూస్తాం. బానెట్ ఎత్తి చూడడం మగవాళ్ల పని అని పక్కకి జరిగి నిలబడతాం. ఎత్తి చూసే మగవాళ్లకైనా అక్కడ కనిపించేది ఒక నల్లటి ఇనప ముద్ద, నాలుగు రబ్బరు గొట్టాలే. కాకపోతే వాళ్లు తల పంకిస్తారు, మనం పంకించం. అంతే తేడా!

మా డిచ్‌పల్లి, నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ వైపు ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. ఇంటి మగవాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి, ఓ పాత కారు కొని, పెళ్లిళ్లకీ జాతరలకీ నెల్లాళ్లు తిప్పి, మళ్లీ విమానం ఎక్కేస్తారు. కారూ, దాని తాళాలూ, దాని రోగాలూ ఇంట్లో ఆడవాళ్ల చేతికి వస్తాయి. మా ఇంట్లోనూ అదే కథ. మావారు మస్కట్‌లో. ఇంటి ముందు 2007 మోడల్ మారుతి 800. మాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 25 అనే ఉంది.

ఆ కారు నాకు షికారుకి కాదు. మా అత్తమ్మకి వారానికి మూడుసార్లు నిజామాబాద్‌లో డయాలసిస్. పొద్దున్నే ఆరింటి షిఫ్టు. మా ఇంటి నుంచి ఊళ్లోకి పదిహేను కిలోమీటర్లు. అయిదున్నరకి సెల్ఫ్ కొడితే బండి లేవాలి, అంతే. బస్సు తప్పితే పెళ్లికి ఆలస్యంగా వెళతాం. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి మనిషికి ఆయాసం ఎక్కుతుంది. అందుకని కథలు రాసుకునే నేను, బీఏలో తెలుగు లిటరేచర్ చదువుకున్న నేను, ఇంజనాయిల్ గురించి కూడా నేర్చుకున్నాను. కొంత పుస్తకాల్లో చదివి, ఎక్కువ భాగం మా ఊరి మిస్త్రీ భాయ్ పక్కన నిలబడి.

ఈ 800 గురించి ఒక్క మాట. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళాలు ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఆ ముప్ఫయ్యేళ్లలో పాతిక లక్షలకు పైగా బండ్లు రోడ్డెక్కాయి. 796 సీసీ, మూడే మూడు సిలిండర్లు. చిన్న సంసారం, తక్కువ ఖర్చు. సామాన్లు ఇప్పటికీ చిన్న టౌన్లలో కూడా దొరుకుతాయి. ఏ చెట్టు కింద మిస్త్రీకైనా దీని లోపలంతా కంఠతా వచ్చు. పాత కారు కొనాలనుకునేవాళ్లు బండి అందం కంటే ముందు ఈ రెండూ చూసుకోవాలని నా అభిప్రాయం. కిందటేడు మా బంధువులొకరు దర్జాగా ఓ పెద్ద పాత కారు కొన్నారు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న సెన్సరు వచ్చేదాకా నలభై రోజులు అది వాకిట్లో కోళ్లకి నీడ ఇచ్చింది.

మిస్త్రీ భాయ్‌కి అరవై దాటాయి. కుర్రతనంలో బోధన్‌లో చెరుకు లారీలు, అంబాసిడర్లు బాగుచేసే షెడ్డులో హెల్పరు. అప్పట్లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచే సీజన్‌లో రాత్రీ పగలూ బండ్లేనట. ఆ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతబడింది. భాయ్ అంతకు ముందే డిచ్‌పల్లి వచ్చేశాడు. మొదటిరోజు నేను వెళ్లి, "భాయ్, కార్‌ది ఫ్యూయల్ పంపు పోయినట్టుంది" అన్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి, "అమ్మా, నువ్వు రోగం చెప్పకు. లచ్చణాలు చెప్పు. రోగం నేను చెప్త" అన్నాడు. పొద్దున్న ఆగుతోందా, వేడెక్కాక ఆగుతోందా? ఎత్తు ఎక్కేటప్పుడా, నిలబడినప్పుడా? పొగ వస్తోందా? ఏ రంగు? వాసన ఏమిటి? వరసగా అడిగాడు. అత్తమ్మ డాక్టరుగారు కూడా సరిగ్గా ఇలాగే అడుగుతారు.

అప్పటినుంచి రెండు నోటుబుక్కులు పెట్టాను. ఒకదాంట్లో అత్తమ్మ బరువు, బీపీ. ఇంకోదాంట్లో కారు ఆయిలు, నీళ్లు, పెట్రోలు, వింత శబ్దాలు.

ముందు నీళ్ల సంగతి

పాత ఇంజను వయసుతో చావదండీ. వేడితో చస్తుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడిలో బండి నడవడానికి పనికొచ్చేది కొంచెమే. మిగతాదంతా సైలెన్సర్ నుంచీ, రేడియేటర్ నుంచీ బయటికి పోవాలి. పోకపోతే లోపల అల్యూమినియం హెడ్డు మాడిన పెనంలా వంకర తిరుగుతుంది.

రేడియేటర్ మూత చూశారా? అది మన ప్రెషర్ కుక్కర్ వెయిట్‌కి అన్నదమ్ముల వరస. మామూలుగా నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి కదా. మూత లోపలి స్ప్రింగు ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల ఆ నీళ్లు నూట పదిహేను దాటినా మరగకుండా ఉంటాయి. ఆ మూత రబ్బరు ఎండిపోయి పగిలితే? గాస్కెట్ పోయిన కుక్కరే! ఆవిరి పక్కనుంచి పోతుంది, నీళ్లు తరిగిపోతాయి, పప్పు ఉడకదు. ఇక్కడ తేడా ఏమిటంటే పప్పు బదులు ఇంజను ఉడుకుతుంది. వందా రెండొందల మూతకి చూసుకుంటే పాతిక వేల ఇంజను పని నెత్తిన పడుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆ మూత మాత్రం తియ్యకండి. తీసి మొహం కాల్చుకున్నవాళ్లని మీరూ చూసే ఉంటారు.

రెండో సంగతి మన బోరు నీళ్లు. వాటర్ హీటర్ రాడ్డు మీద తెల్లటి సున్నప్పొర కట్టడం మీకు తెలుసు. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే ఆ సన్నటి గొట్టాల్లోనూ అదే పొర కడుతుంది. నాలుగేళ్లకి సగం గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంట్ అని ఆకుపచ్చగానో ఎర్రగానో డబ్బాల్లో వస్తుందే, అది రంగునీళ్లు కాదు. తుప్పు పట్టనివ్వదు, పొర కట్టనివ్వదు, అంత త్వరగా మరగనివ్వదు. నీళ్లు కలిపే రకమైతే దాంట్లో కలపాల్సింది డిస్టిల్డ్ వాటరే. రెండేళ్లకోసారి మొత్తం దింపి కొత్తది పోయించాలి. దింపినప్పుడు ఎర్రమట్టి నీళ్లలా వస్తే లోపల తుప్పు మొదలైందన్నమాట.

మూడోది థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉన్నంతసేపు నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపి, వేడెక్కాక తలుపు తెరిచే చిన్న వాల్వు. మన ప్రాంతంలో కొందరు మిస్త్రీలు "మనది ఎండల దేశమమ్మా, ఇది ఎందుకు?" అని దాన్ని పీకి పారేస్తారు. పీకేస్తే ఇంజను ఉండాల్సిన వేడికి రాదు. ఎంపీఎఫ్ఐ బండ్లలో కంప్యూటరు ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు మసిబారతాయి. పాడైతే కొత్తది వేయించండి, పీకించకండి.

2022 మే నెల సంగతి చెబుతాను. డయాలసిస్ అయ్యాక పదకొండింటికి బయల్దేరాం. ఎండ నలభై నాలుగో నలభై అయిదో. మాధవనగర్ రైలు గేటు పడింది. ముందు లారీలు, వెనక బస్సులు. అయిదు నిమిషాలకి చూద్దును కదా, ముల్లు సగం దాటి పైకి పాకుతోంది. నడిచినంతసేపు బాగున్న బండి నిలబడితే వేడెక్కుతోందంటే, గాలి తగలడం లేదు, ఫ్యాన్ తిరగడం లేదు అని. చెవి పెట్టి విన్నాను, ముందు నుంచి ఫ్యాన్ హోరు వినిపించలేదు. ఏసీ ఆపేశాను. కిటికీలు దించేశాను. హీటర్ మొత్తం తిప్పాను. నవ్వకండి! హీటర్ వేడి వచ్చేది ఇంజను నీళ్లలో నుంచే. ఆ వేడిని మన మొహాల మీదికి లాగేస్తే ఇంజనుకి ఆ మేరకు ఉపశమనం. ముల్లు ఆగింది గానీ దిగలేదు. పక్కకి తీసి, వేపచెట్టు నీడలో ఇంజను ఆపి, బానెట్ ఎత్తాను.

ఒక ఆటో తమ్ముడు పరిగెత్తుకొచ్చి, "అక్కా, మూత తియ్యాల్నా?" అని చెయ్యి చాపాడు. "వద్దు తమ్మీ, అరగంట ఆగుదాం" అన్నాను. వెనక సీట్లో అత్తమ్మ. డయాలసిస్ అయ్యాక మనిషికి ఒంట్లో సత్తువ ఉండదు, తల వాలిపోతుంది. విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. అరగంట దాటాక మందపాటి గుడ్డ వేసి, మూత కొంచెం తిప్పి, ఆవిరి పోనిచ్చి, అప్పుడు పూర్తిగా తీసి, సీసాల్లో నీళ్లు నెమ్మదిగా పోశాను. కాలుతున్న ఇంజనులో గబుక్కున చల్లనీళ్లు కుమ్మరిస్తే లోపల పగుళ్లు వస్తాయి. మూడో సీసా పోస్తుంటే అత్తమ్మ కళ్లు తెరిచి, "నీ బండికైతే సీసాలకి సీసాలు తాగిస్తున్నవ్ బిడ్డా. నాకు మాత్రం గ్లాసుతోని కొలిచి ఇస్తవ్" అంది. కిడ్నీ పోయినవాళ్లకి రోజుకి ఇన్ని నీళ్లే అని లెక్క ఉంటుంది కదా. ఏమనాలో తోచలేదు. తర్వాత ఆవిడే నవ్వింది.

గేటు తెరిచాక రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఎక్కడా నిలపకుండా భాయ్ దగ్గరికి వచ్చేశాం. నడుస్తున్న బండికి ఎదురుగాలి ఉంటుంది కనుక అది కుదిరింది. భాయ్ చిన్న వైరు ముక్కతో స్విచ్చు రెండు వైపులా కలిపాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే మోటారు బాగానే ఉంది, వేడిని పసిగట్టే స్విచ్చు పోయింది. కొత్తది నాలుగు వందలు.

అలా కాక, ఎర్ర గీత దాటినా ఇల్లు చేరదామని తోలుకుంటూ పోతే హెడ్ గాస్కెట్ పోతుంది. దాని గుర్తులు తెలుసుకోండి. ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున మజ్జిగ నురగలాంటి జిడ్డు ఉంటుంది, నీళ్లూ నూనే కలిసిపోయాయని. చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు తేలుతూనే ఉంటాయి. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. చలికాలం పొద్దున్న ఓ రెండు నిమిషాలు వచ్చే తెల్లటి ఆవిరి వేరు సుమా, దానికి భయపడకండి. గాస్కెట్ మార్చేటప్పుడు హెడ్డు వంగిందో లేదో లేత్ షాపులో చూపించి చదును చేయించాలి. అది మానేసి గాస్కెట్ ఒక్కటే వేసి ఇస్తే ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ అదే పని.

నూనె, పొగ, దీపాలు

ఆయిల్ చూడడం పోపు వేయడం కన్నా తేలిక. పొద్దున్నే, స్టార్ట్ చెయ్యకముందు, బండి చదునుగా ఉన్నచోట పుల్ల బయటికి లాగాలి. గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా గుచ్చి, మళ్లీ లాగాలి. రెండు గుర్తుల మధ్య ఉంటే మంచిది. కింది గుర్తుకి దిగితే పోయాలి. పై గుర్తు దాటించి పోస్తే బలం అనుకోకండి, అదీ నష్టమే. ఆయిల్ నల్లబడిందని బెంగ వద్దు. మసిని లోపల పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుంటోంది కాబట్టే నల్లబడింది. వేళ్ల మధ్య గరుగ్గా ఇసకలా తగిలితేనో, తారులా సాగితేనో, పాలు కలిసినట్టుంటేనో ఆలోచించాలి.

మా బండి వారానికి తొంభై కిలోమీటర్లు, ఏడాదికి 4,700 తిరుగుతుంది. అయిదు వేలకి ఆయిల్ మార్పిడి అన్న లెక్కన ఏడాదికోసారి చాలు కదా అని మావారు ఫోన్లో అంటారు. నేను ఆర్నెల్లకోసారి మార్పిస్తాను. దూరం తిరక్కపోయినా నెలలు గడిచేకొద్దీ చెమ్మ చేరి ఆయిల్ చెడుతుంది. పట్టేది మూడు లీటర్ల లోపే, పిసినారితనం చూపించాల్సిన చోటు ఇది కాదు. ఫిల్టరు కూడా ప్రతిసారీ మార్చాల్సిందే. అత్తమ్మ పక్కన నాలుగేసి గంటలు కూర్చుని ఆ మిషను రక్తాన్ని వడకట్టడం చూసేదాన్ని కదా, ఫిల్టరు విలువ నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

సైలెన్సర్ పొగ రంగులు గుర్తుంచుకోవడం కష్టమేం కాదు. నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు, తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు అని భాయ్ లెక్క. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది. ముందు ఎయిర్ ఫిల్టరు చూపించండి. మా వైపు వరికోతల్లో హార్వెస్టర్లు లేపే దుమ్ముకి అది రెండు నెలల్లో చాపలా తయారవుతుంది.

స్టీరింగ్ ముందు వెలిగే దీపాల్లో ఎర్రటి ఆయిల్ దీపానికి మాత్రం ఎదురుచెప్పకండి. చూడ్డానికి చుక్క కారుతున్న పాతకాలం నూనె చెంబులా ఉంటుంది. బండి నడుస్తుండగా అది వెలిగితే అప్పటికప్పుడు పక్కకి తీసి ఆపేయాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా రెండు నిమిషాలు నడిచినా లోపల ఇనుముకి ఇనుము రాసుకుని బేరింగులు పట్టేస్తాయి. బ్యాటరీ దీపం వెలిగి, దాంతోపాటు వేడి ముల్లు కూడా లేస్తుంటే బెల్టు తెగిందని అనుమానించండి. ఇలాంటి పాత బండ్లలో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌నీ, నీళ్ల పంపునీ తిప్పేది ఒకటే బెల్టు. పొద్దున్నే కీచుమని అరిచే బెల్టు ముందుగానే చెబుతుంది, మనం వినాలి. లోపల కనపడకుండా టైమింగ్ బెల్ట్ అని ఇంకోటి ఉంటుంది. అది అరవదు, చెప్పదు. తెగితే ఎక్కడ తెగిందో అక్కడే బండి ఆగిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు పాత ఓనరు ఎప్పుడు మార్పించాడో రాతపూర్వకంగా లేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకుని మార్పించేయండి.

లేవని పొద్దు

సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమని ఊరుకుంటోందా? లైట్లు వేసి చూడండి. దీపావళి ప్రమిదల్లా మినుకుమంటుంటే బ్యాటరీ. కొత్త బ్యాటరీకి పరిగెత్తే ముందు టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పువ్వులా పొడి పట్టి ఉంటుంది. తీగలు విప్పి (ముందు మైనస్, తర్వాత ప్లస్) వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన కాస్త వాజలైన్ రాయండి. బ్యాటరీ మూతల్లోకి ఆ సోడా నీళ్లు పోనివ్వకండి. బ్యాటరీని కొలవమంటే ఏ ఎలక్ట్రీషియనైనా మీటరు పెట్టి చెబుతాడు. ఇంజను ఆపి ఉండగా పన్నెండున్నర వోల్టులు, నడుస్తుండగా పద్నాలుగుకి అటూ ఇటూ ఉండాలి. నడుస్తున్నప్పుడూ పన్నెండే ఉంటే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటర్‌ది. ఇది తెలియక రెండేళ్లలో మూడు బ్యాటరీలు కొన్నవాళ్లని నేనెరుగుదును.

సెల్ఫ్ బాగా తిరిగి కూడా అంటుకోకపోతే పెట్రోలో, స్పార్కో అందడం లేదు. కార్బురేటర్ ఉన్న మరీ పాత బండ్లకి చోక్ లాగడం, ఎక్కువసార్లు తొక్కితే పెట్రోలు వాసన కొట్టి మునిగిపోవడం, ఆ గొడవ వేరు. ఎంపీఎఫ్ఐ బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకు లోపల ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులో తిప్పేవాళ్ల పంపులు త్వరగా కాలిపోయేది అందుకే. తాళం ఆన్ చెయ్యగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నగా రొద వినిపిస్తే పంపు పనిచేస్తోందన్నమాట.

స్పార్క్ విషయంలో మాకు జరిగింది వినండి. ఓ రోజు బండి వణకడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కదు, తొక్కితే లాగదు. నిజామాబాద్‌లోనే ఉన్నాను కదా అని ఓ గ్యారేజీలో చూపించాను. అతను బానెట్ ఎత్తాడు, రెండుసార్లు రేస్ చేశాడు. "ఇంజన్ అయిపోయింది మేడమ్. బోరు చెయ్యాలి. ముప్ఫయ్ వేలు, పది రోజులు" అన్నాడు. పది రోజులంటే నాలుగు డయాలసిస్‌లు! నోటుబుక్కు తీశాను. మూడు నెలల్లో ఆయిల్ ఒక్క గీత కూడా తగ్గలేదు. నీలం పొగ లేదు. నిన్నటిదాకా ఎత్తులు ఎక్కిన బండి. "బోరింగ్‌కి వచ్చిన ఇంజను ఆయిల్ తాగాలి కదన్నా. ఇది తాగలేదే? కంప్రెషన్ కొలిచి చూపిస్తారా?" అని అడిగాను. అతను నా వంక చూసి, "మిషను లేదు మేడమ్" అన్నాడు. బండిని మెల్లగా ఇంటికి తెచ్చుకున్నాను.

భాయ్ ఇంజను నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు తీగా పీకి చూశాడు. (ఇది మనం చెయ్యకూడదు, గట్టిగా షాక్ కొడుతుంది.) ఒకటి పీకితే బండి ఇంకా వణికింది. రెండోది పీకినా అంతే. మూడోది పీకితే తేడా లేదు. అంటే ఆ సిలిండరు ముందే పడుకుంది. మూడింట్లో ఒకటి పనిచెయ్యకపోతే బండి కుంటక ఏం చేస్తుంది? ఆ తీగ తిప్పి చూస్తే అడుగున ఎలుక కొరికిన గాటు! తీగా, మూడు కొత్త ప్లగ్గులూ కలిపి వెయ్యి రూపాయల లోపు. పాత ప్లగ్గులు నా చేతిలో పెట్టి చూపించాడు. రెండింటి కొనలు కాఫీపొడి రంగులో ఉన్నాయి, అది ఆరోగ్యం. మూడోది తడిసి నల్లగా ఉంది, మండని పెట్రోలు.

ఎలుకలంటే గుర్తొచ్చింది. చలికాలం రాత్రుళ్లు వెచ్చగా ఉంటుందని ఇంజను మీద కాపురం పెడతాయి. పొగాకు కాడలు కట్టమని ఒకరు, కలరా ఉండలు వెయ్యమని ఒకరు చెబుతారు. రెండూ చేశాను. మా ఎలుకలు రెంటికీ అలవాటు పడ్డాయి. పొద్దున్న ఆయిల్ చూసేటప్పుడే ఓసారి తీగల వెంట కళ్లు పరిగెత్తించడం తప్ప వేరే మందు నాకు కనపడలేదు.

చెరుకు పెట్రోలు

ఈ మధ్య అందరూ అడుగుతున్న సంగతి ఇథనాల్. మన బోధన్ వైపు పెరిగినవాళ్లకి ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన చిన్నప్పటి జ్ఞాపకం. ఆ మొలాసిస్ నుంచీ, చెరుకు రసం నుంచీ, నూకల నుంచీ, మొక్కజొన్న నుంచీ తీసే ఇథనాల్‌నే ఇప్పుడు పెట్రోల్‌లో కలుపుతున్నారు. ఇరవై శాతం కలిపినదాన్ని 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలుపెట్టారు, 2025 నాటికి దేశమంతటా అదే. చెరుకు రైతుకి మంచిదే. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దానికి తగ్గట్టు చేసినవే. మనవి కావు.

అయితే పాత బండి రేపే ఆగిపోతుందని కంగారు పడనక్కర్లేదు. జరిగేది రెండు. ఇథనాల్‌లో సత్తువ తక్కువ, కాబట్టి మైలేజీ పడుతుంది. పాతరకం కార్లలో 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. నా నోటుబుక్కులో లీటరుకి 17 ఉండేది 16 అయింది. రెండోది, పాత రబ్బరు గొట్టాలూ సీళ్లూ ఇథనాల్‌కి ఉబ్బి, గట్టిపడి, పగుళ్లిస్తాయి. పెట్రోలు కారితే అది మైలేజీ సంగతి కాదు, నిప్పు సంగతి. బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి తియ్యకండి. గొట్టాలు మార్పించేటప్పుడు ఇథనాల్ పెట్రోలుకి తట్టుకునేవే అడిగి తీసుకోండి. ఇంకో సంగతి, ఇథనాల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. నెలలు నెలలు బండి నిలబెట్టేవాళ్లు సగం ట్యాంకు పాత పెట్రోలుతో వదిలెయ్యకూడదు. వారానికోసారి నడపాలి. ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాలకి ఆపడం కాదు, ఇంజను పూర్తిగా వేడెక్కేలా ఓ పది కిలోమీటర్లు.

కొనబోతున్నవాళ్లకి

చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లగా ఉన్నప్పుడు లేవని రోగాన్ని దాస్తున్నారేమో. ఇంజను కొత్త గిన్నెలా తళతళలాడుతుంటే మెచ్చుకోకండి, ఆయిల్ కారిన మరకలు కడిగి ఉండవచ్చు. పది నిమిషాలు నడిపి, ఆపి, ఉన్నచోట నుంచి ముందుకి జరిపి నేల చూడండి. మీటరు మీద నలభై వేలే ఉండి, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే ఏది నిజమో మీకే తెలుస్తుంది. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ బండి మీదవాటితో ఒక్కో అంకె సరిపోల్చాలి. మనకి పక్కనే మహారాష్ట్ర. నాందేడ్ వైపు నుంచి చవగ్గా వచ్చే బండ్లకి అక్కడి ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించి, టాక్సు కట్టాలి. అవన్నీ కలిపితే చవక ఎంత మిగిలిందో లెక్క చూసుకోండి.

ఇక పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గ్రీన్ టాక్స్ కూడా ఉంటుంది. ఢిల్లీ వైపున్న నిబంధన విని పదిహేనేళ్లకి బండి తుక్కే అనుకునేవాళ్లున్నారు. మన దగ్గర ఫిట్‌నెస్ ఉన్నంతకాలం నడుపుకోవచ్చు. అయితే ఫీజులు పెరిగాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్రం నిబంధన ప్రకారం ఇరవయ్యేళ్లు దాటిన కారు రెన్యువల్‌కి పదివేలు. మాది 2022లో ఓసారి అయింది. మళ్లీ 2027లో, అప్పటికి ఇరవై నిండుతాయి. అంత పెట్టడం దండగ, అమ్మేసి ఆటో మాట్లాడుకో అంటారు మావారు. అయిదున్నరకి ఏ ఆటో వస్తుందో మస్కట్ నుంచి ఆయనకి కనపడదు. భాయ్‌ని అడిగితే బానెట్ కింద ఓ పావుగంట తలపెట్టి, "ఇంజన్‌కేం కాలేదమ్మా, ఇంకో అయిదేండ్లు గుంజుతది. సైలెన్సర్‌కు చిల్లు పడ్డది, గది చూసుకో. పెట్రోల్ పైపులు ఎండల కంటే ముందుగాల్నే మార్పియ్యి" అన్నాడు. సైలెన్సర్ ఈ దసరాకి. పైపులు వచ్చే శనివారం, అత్తమ్మని దింపి వచ్చాక.